స్త్రీల దాంపత్యబాధలు – చికిత్సామార్గములు



నేడు నేను ప్రసంగింపబోవు విషయము రచ్చకట్టమీద బాహాటముగా చర్చింపదగినది కాదని మన తలంపు. కాని దాని ఫలితములు మాత్రము తరచుగా రచ్చకట్టకే వచ్చుచుండును. "పెండ్లియై యేడాదియైనను కోడలు మగని దగ్గరకు రానీయదు" అని యొకరు, "రెండవ కాన్పు తరువాత కాపురమే లేదు" అని యొకరు పంచాయతీ పెట్టుదురు. పెద్దలు కూర్చుండి, పెట్టుపోతలు లెక్కించి, తీర్పు చెప్పుదురు. ఆ తీర్పుతో నొక ఆడుబిడ్డ బ్రతుకు తేలిపోవును. అయితే ఆమె దేహమున నొప్పి యున్నదా, మనస్సున భయమున్నదా, వైద్యులెవరైన చూచిరా యని విచారించువారు అరుదు. నేను మీకు మనవి చేయదలచినది ఒక్కటే. దాంపత్యమునకు అడ్డువచ్చు స్త్రీల బాధలు పెక్కింటికి చికిత్స కలదు. కావున తీర్పునకు ముందు చికిత్స జరుగవలెను.

ముందు బాధ యేదో తెలిసికొందము. వైద్యులు దీనిని ముఖ్యముగా నాలుగు విధములుగా చెప్పుదురు. కోరిక నశించుట మొదటిది. కోరిక యున్నను శరీరము స్పందింపక, తడి యూరకుండుట రెండవది. సుఖము పర్యవసానమునకు రాకుండుట మూడవది. సంగమవేళ నొప్పి కలుగుట, లేక నొప్పి భయముచే సంగమమే అసాధ్యమగుట నాలుగవది. ఒక్కొక్కప్పుడు ఇవి గొలుసువలె నొకదానినొకటి లాగుకొనివచ్చును. నొప్పివలన భయము, భయమువలన విముఖత, విముఖతవలన కలహము పుట్టును. ఇందొక ముఖ్యనియమము గుర్తుంచుకొనవలెను. ఈ స్థితి కొన్ని నెలలు, సాధారణముగా ఆరు నెలలు నిలిచి, ఆ స్త్రీకే స్వయముగా క్లేశము కలిగించినప్పుడే వైద్యశాస్త్రము దానిని వ్యాధి యనును. అలసియున్న ఆలు ఒకనాడు వద్దనుట వ్యాధి కాదు. త్రాగివచ్చిన మగని దగ్గరకు రానీయకుండుట యంతకంటెను కాదు.

ఇట్టి మాటలు మన సంప్రదాయమునకు క్రొత్తవని యనుకొనవలదు. చరకసంహిత చికిత్సాస్థానమున ముప్పదియవ అధ్యాయము యోనివ్యాపత్తులకే కేటాయింపబడినది. అందు ఇరువది విధములైన రోగములు గణింపబడినవి. సుశ్రుతుడు పరిప్లుత యను పేర నొక రోగమును చెప్పి, సంగమమున తీవ్రమైన నొప్పి దాని లక్షణమనెను. నొప్పిని నొప్పిగా గుర్తించిరే కాని, ఆ స్త్రీని మొండిదని నిందింపలేదు. వాత్స్యాయనుడు క్రొత్త పెండ్లికూతురికి నమ్మకము కలిగించుటకై యొక అధ్యాయమునే వ్రాసెను. మొదటి మూడు రాత్రులు బ్రహ్మచర్యము పాటింపవలెననియు, ఆపైని మెల్లగా చనువు పెంచుకొనవలెననియు, తొందరపడి బలాత్కరించినచో ఆమెకు సంగమముమీదనే ద్వేషము కలుగుననియు హెచ్చరించెను. నేటి వైద్యులు చెప్పుమాటయు నదియే.

ఈ మౌనము మనలో గాఢమగుటకు ఇటీవలి చరిత్రయు కొంత కారణము. తంజావూరు ఆస్థానమున ముద్దుపళని యను కవయిత్రి రాధికాసాంత్వనమను కావ్యమున స్త్రీ హృదయములోని కాంక్షను స్త్రీ నోటనే పలికించెను. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు దానిని సమగ్రముగా ప్రకటింపగా, అశ్లీలమని ఆంగ్ల ప్రభుత్వము నిషేధించెను. టంగుటూరి ప్రకాశము పంతులుగారు మదరాసు రాష్ట్రమునకు ప్రధానిగా నున్న 1946–47 కాలమున ఆ నిషేధము తొలగెను. కావ్యముమీది నిషేధమైతే తొలగినది కాని, ఇండ్లలోని నిషేధము నేటికిని తొలగలేదు.

ఆ మౌనమెంత లోతైనదో యొక ఉదాహరణము చెప్పెదను. మన జిల్లాలవారు పెద్దరోగములకు పోవుచుండు వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల వైద్యులు, తమ వైద్యశాలకు వచ్చిన 149మంది వివాహిత స్త్రీలను ప్రశ్నించి, 2009లో ఫలితములను ప్రకటించిరి. ప్రశ్నావళినిబట్టి వారిలో నూటికి సుమారు 73మందికి ఇట్టి బాధ యేదో యొకటి కలదు. అందొక్కరైనను అంతకు ముందు దానికై వైద్యుని అడిగియుండలేదు. వైద్యశాలకు వచ్చినవారి లెక్కను ఊరందరికి అన్వయింపరాదు. మైసూరు జిల్లాలోని సుత్తూరు ప్రాంతపు పల్లెలలో పరిశీలించి 2015లో ప్రకటించిన లెక్కలో స్త్రీలయందు నూటికి 14మందికి వ్యాధి యున్నట్లు తేలెను. ఆ లెక్కయే తీసికొన్నను, నూరు గడపల పల్లెలో పది పదునైదు గడపలలోపల ఈ బాధ మూలుగుచున్నదని యర్థము.

ఇక మన కరవుసీమ సంగతి చూతము. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడు నేల మనది. చెనిక్కాయ పండనియేడు మగవారు బెంగుళూరునకో, కేరళకో వలసపోవుదురు. ఇంట మిగిలిన యాడది నీళ్లు మోయును, కూలికి పోవును, అత్తమామలను, పసిబిడ్డలను చూచుకొనును, అప్పులవారికి సమాధానము చెప్పును. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో మన ఆంధ్రప్రదేశ్‌యందు 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58మందికి పైగా రక్తహీనత కలవారని తేలినది. రక్తము లేని దేహమునకు మెట్లెక్కుటయే కష్టము. దానికి కోరిక యెక్కడినుండి వచ్చును? ఆరునెలలకొకసారి వచ్చు భర్త, ఒకే గదిలో నందరును పడుకొను ఇల్లు, మరల గర్భము వచ్చునేమో యను దిగులు, సారాయి వాసన, వీనిలో నొక్కొక్కటియు కాపురమునకు గొడ్డలిపెట్టే. కనుక ఈ రోగమునకు మందు వెదకునప్పుడు ఆ స్త్రీ దేహమును మాత్రమే చూచిన చాలదు. ఆమె బ్రతుకునంతను చూడవలెను.

నేనెరిగిన కథ యొకటి చెప్పెదను. కల్యాణదుర్గము వైపు ఒక పల్లెలో పందొమ్మిదేండ్ల పిల్లకు పెండ్లియాయెను. భర్త దగ్గరకు వచ్చినంతనే ఆమె దేహము కొయ్యవలె బిగిసిపోవును, కన్నీరు కారును. ఆమె మామ నాయొద్దకు వచ్చి, "అయివారూ, మా కోడలికి గాలి సోకినాది, మంచి దినం చూసి చెప్పండి" అని యడిగెను. అప్పటికే తాయెత్తులు కట్టించిరి, వేపమండలతో కొట్టించిరి. పుట్టింటికి పంపి వేరు పెండ్లి చేయుటకు పంచాయతీ కూడ నిశ్చయమైనది. నేను దినము చూచుటకు మారుగా ఆ యూరి నర్సమ్మను పిలిపించి, వైద్యశాలకు తీసికొనిపొమ్మంటిని. అచ్చటి వైద్యురాలు ఆ పిల్లను ఒంటరిగా కూర్చుండబెట్టుకొని, మాటలతోనే సగము భయము తీర్చెను. కంటి దగ్గరకు నలుసు వచ్చినప్పుడు రెప్ప తనంతట మూసికొనునట్లు, యోనిద్వారపు కండరములు భయముచే తమంతట బిగుసుకొనుట యొక వ్యాధియనియు, అది ఆమె ఇచ్చకు లోబడినది కాదనియు భర్తకు బోధించెను.

దీనికి చికిత్స మెల్లనిది, కాని మంచి ఫలితమిచ్చునది. మొదట తన దేహనిర్మాణమును గూర్చి ఆమెకు బోధింతురు. పిదప ఊపిరిని నెమ్మదిగా తీసి విడుచుచు ఆ కండరములను బిగించి వదలు అభ్యాసము నేర్పుదురు. తరువాత చిటికెనవ్రేలి లావు మొదలు క్రమముగా పెద్దవగు నున్నని గొట్టములను ఆమెయే తన చేతితో, తన ఇష్టము చొప్పున ఉపయోగించుకొనునట్లు చేయుదురు. అంతదాక సంగమము వలదని దంపతులిద్దరికిని ఆన పెట్టుదురు. ఆ పిల్లకు కొన్ని నెలలు పట్టినది. ఆ భర్త యోర్పు వహించెను. కాపురము నిలిచినది. వేపమండలకు తీరని గాలి, ఓర్పుతోను, అభ్యాసముతోను తీరెను.

నొప్పికి ఇతర కారణములును కలవు. తెల్లబట్ట, దురద, దుర్వాసన, క్రిందికడుపు పోటు, ఇవి అంటురోగ చిహ్నములు కావచ్చును. పరీక్షించి మందిచ్చిన తగ్గును. అది సంగమమువలన సోకు రోగమైనచో భర్తయు మందు పుచ్చుకొనవలెను. లేనిచో తవ్విన గుంటలోనికే మరల నీరు చేరినట్లగును. గర్భాశయపు లోపొర వెలుపల పెరుగు వ్యాధియందు ముట్టునాటి నొప్పితోపాటు సంగమమున లోతుగా నొప్పియుండును. దానికి మాత్రలు, శస్త్రచికిత్స రెండును కలవు. కాన్పైన కొన్నాళ్లకే బిందెలు మోసిన స్త్రీలకు గర్భసంచి జారుట కద్దు. తొలిదశలో కటికండరముల అభ్యాసము, లోపల నిలుపు వలయము చాలును; ముదిరినచో శస్త్రచికిత్స వలయును.

తడి యూరకుండుట బాలెంతలకును, ముట్లుడిగినవారికిని సామాన్యము. పాలిచ్చుకాలమున స్త్రీదేహమునందలి ఈస్ట్రోజెన్ అను రసము తగ్గును. కొన్నాళ్లకు తానే సర్దుకొనును. ముట్లుడిగిన పిమ్మట మాత్రము లోపొర పలుచబడి, మంట, నొప్పి, మూత్రబాధ నిలిచిపోవును. దీనికి మొదటి మందు నీటితో చేసిన జారుడు లేపనము, మందులదుకాణమున దొరకును. నూనెలు రబ్బరు తొడుగును పాడుచేయునని మరువరాదు. అంతటితో తీరనిచో వైద్యురాలు ఈస్ట్రోజెన్ లేపనమును కొద్దిమాత్రలో లోపల రాచుకొనుటకు వ్రాసియిచ్చును. అది రక్తములోనికి చేరునది మిక్కిలి స్వల్పము, గుణము చక్కనిది. రొమ్ము కంతి వ్యాధి వచ్చినవారు మాత్రము ఆ సంగతి ముందే చెప్పవలెను.

ఇచ్చట నొక పెద్ద అనర్థమును గూర్చి హెచ్చరింపవలసియున్నది. తెల్లబట్ట యన్నను, నడుమునొప్పి యన్నను, కాపురమున నొప్పి యన్నను, "గర్భసంచి తీసివేయించుకొమ్ము, పీడ విరగడయగును" అను మాట మన పల్లెలలో వ్యాపించినది. 2015–16 నాటి జాతీయ పరిశీలనలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి ముగ్గురు కాగా, మన ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మండుగురు. కంతివ్యాధి వచ్చినప్పుడు, రక్తస్రావము మందులకు నిలువనప్పుడు అది ప్రాణరక్షకమే, కాదనను. కాని దానితో అండకోశములను కూడ తీసినచో, ముప్పదియైదేండ్ల స్త్రీకి రాత్రికి రాత్రి ముట్లుడిగినట్లగును. తడి యెండిపోవును, ఎముకలు గుల్లబారును, కోరిక సన్నగిల్లును. ఏ బాధ తీరుటకై సంచి తీయించిరో ఆ బాధయే రెట్టింపగును. అనవసరముగా గర్భసంచి తీయకుండుటకు కేంద్రప్రభుత్వము చేసిన మార్గదర్శకసూత్రములను రాష్ట్రములన్నియు అమలుపరుపవలెనని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. కనుక ఎవరైన సంచి తీయవలెనన్నచో, మరియొక వైద్యురాలి అభిప్రాయము తెలిసికొనకుండ అప్పు చేసి పరుగెత్తవలదు.

కోరిక నశించుటకు చికిత్స యింకను సూక్ష్మమైనది. మొదట రక్తహీనత, మధుమేహము, గొంతుగ్రంథి రోగము కలవేమో పరీక్షింపవలెను. మనోవ్యాకులతకు వాడు కొన్ని మందులే కోరికను అణచును. అట్టిచో వైద్యుడు మాత్ర మార్చును, తామై మానరాదు. మనోవ్యాకులతయే కారణమైనచో దానికి వేరుగా చికిత్స చేయవలెను. బాల్యమున అత్యాచారమునకు గురియైనవారికి ఓర్పుగల మనోవైద్యుని సంభాషణయే ముఖ్యౌషధము.

"మగవారికి మాత్ర యున్నదిగదా, ఆడువారికి లేదా" యని కొందరడుగుదురు. అమెరికాలో ముట్లుడుగని స్త్రీలకై 2015లో ఫ్లిబాన్సెరిన్ అను మాత్రయు, 2019లో బ్రెమెలనోటైడ్ అను సూదిమందును అనుమతింపబడినవి. వాని గుణము స్వల్పము. మొదటిదానితో మద్యము కలిసినచో రక్తపుపోటు పడిపోవును. ముట్లుడిగినవారిలో కోరిక నశించి క్లేశపడువారికి టెస్టోస్టెరోన్ కొలది మాత్రలో ఉపకరించునని 2019లో పలుదేశముల వైద్యసంఘములు కూడి నిర్ణయించినవి. అదియు నిపుణుల కనుసన్ననే. మగవారి మాత్ర ఆడువారికి ఈ కోరిక విషయమున పనిచేయునని ఋజువు లేదు. కాంతికిరణములతో యోనిని యౌవనవతిగా చేసెదమను ప్రకటనలను నమ్మవలదని 2018లో అమెరికా ఔషధాధికారులు హెచ్చరించిరి. సంతలో అమ్ము లేహ్యములను, గోడలమీది రహస్యవైద్యుల ప్రకటనలను గూర్చి నేను వేరుగ చెప్పనక్కరలేదు.

దంపతులిద్దరికిని కలిపి చేయు చికిత్స వీనన్నింటికంటెను మనకు అందుబాటైనది. మాస్టర్స్, జాన్సన్ అను అమెరికా పరిశోధకులు 1970లో ప్రకటించిన పద్ధతియందు, కొన్నివారములు సంగమమును నిషేధించి, మాటలతో, మెత్తని స్పర్శతో మాత్రమే దంపతులను దగ్గరచేయుదురు. ఏది ఇష్టమో, ఏది కష్టమో చెప్పుట భార్యకును, వినుట భర్తకును అలవడును. దీనికి పైకము అక్కరలేదు, ఓర్పు కావలెను. వాత్స్యాయనుని మూడు రాత్రులకును దీనికిని ఎంత చుట్టరికమో మీరే గ్రహింపుడు.

ధర్మముతోపాటు చట్టమును చెప్పవలెను. పదునెనిమిదేండ్లు నిండని భార్యతో సంగమము అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పినది. 2024 జూలై మొదలు అమలులో నున్న భారతీయ న్యాయసంహితయు దానినే నిలిపినది. ఏ వయస్సు భార్యనైనను లైంగికముగా హింసించుట 2005 నాటి గృహహింస చట్టము క్రింద హింసయే. కాబట్టి "మొగుడుగదా, ఓర్చుకో" యని పంచాయతీలో చెప్పు పెద్దమనిషి ధర్మమునకును, చట్టమునకును, వైద్యమునకును మూడింటికిని దూరమగుచున్నాడు.

పెద్దలారా! మీచేత కాగల పనులు నాలుగు కలవు. ఇట్టి తగవు వచ్చినప్పుడు నలుగురిలో ఆ పిల్లను ప్రశ్నింపకుడు. ఇంటి పెద్దముత్తైదువచేతనో, ఆశా కార్యకర్తచేతనో, నర్సమ్మచేతనో చాటున అడిగింపుడు. తీర్పును నిలిపి, ఆమె సమ్మతితో వైద్యశాలకు పంపుడు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునుండి అనంతపురము ప్రభుత్వ సర్వజన వైద్యశాలకు చీటి వ్రాయింపవచ్చును; అచ్చట స్త్రీవైద్యులును, మనోవైద్యులును ఉందురు. 2022లో వేరైన శ్రీ సత్యసాయి జిల్లావారికి హిందూపురము, కదిరి వైద్యశాలలు దగ్గర. ప్రయాణము చేయలేనివారు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో మనోవైద్యసలహా తెలుగులోనే ఉచితముగా దొరకును. హింస జరుగుచున్నచో 181 సంఖ్య కలదు. మూడవది, భర్తను కూడ పంపుడు. లోపము అతనిదో, అతని త్రాగుడుదో కావచ్చును. పరీక్ష యిద్దరికిని సమానము. నాలుగవది, అక్కడ తేలిన విషయమును ఊరిలో ప్రాకనీయకుడు.

నుయ్యి యెండినప్పుడు మనము నుయ్యిని తిట్టము. నీరెక్కడ నింకినదో, పూడిక యెంత చేరినదో చూచి, దిగి తవ్వుదుము. కరవునేలలో పుట్టినవారికి ఆ విద్య నేర్పనక్కరలేదు. ఇంటి యాలి విషయమునను ఆ పాటి విచారణ చేయవలెనని మనవి.